ముందుకు జరిపిన డబ్బా

ఆ రోజు నేను చేసిన తప్పును చిన్నది చేసి చెప్పుకోవచ్చు. ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనుకుని ఉన్న ఒక డబ్బాను కొంచెం ముందుకు జరిపాను, అంతే. చూసినవాళ్ళు మంచిపని చేశాడనే అనుకుంటారు. కానీ ఆ డబ్బాలోని టీకా మందు గడ్డకట్టి పాడైపోయిందని నాకు తెలుసు. నర్సు కంట పడకముందే మంచు కరిగిపోవాలని జరిపాను. ఆ మందు అక్కడికి పంపిన వ్యాపారి మీద నాకు పగ.

నాది మదనపల్లె. పిల్లల టీకా మందులను ఐసు పెట్టెల్లో పెట్టుకుని, వ్యాన్‌లో పుంగనూరు, కుప్పం క్లినిక్కులకు చేరవేయడం నా వ్యాపారం. అంతకు ముందు నేను పగబట్టిన ఆ వ్యాపారి దగ్గరే, మదనపల్లెలో ఆయన మందుల కొట్టులో, ఇదే పనికి జీతానికి ఉండేవాణ్ణి. ఒకనాటి సాయంత్రం ఆయనే తన ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి మందుల ఫ్రిజ్ ప్లగ్గు తీశాడు, మళ్ళీ పెట్టడం మరిచిపోయాడు. తెల్లవారేసరికి మందంతా వెచ్చబడిపోయింది. కౌంటరు ముందు నలుగురూ ఉండగా నా వైపు వేలు చూపించాడు.

"ఈడు ఫోను చార్జింగ్ కోసరం ఫ్రిజ్ ప్లగ్గు పీకినాడప్పా. పసిబిడ్డల మందు కంటే ఈనికి ఫోనే ఎక్కువ."

నేను నోరు తెరవలేదు. జీతం పోతుందన్న భయం. ఆ జీతం ఎలాగూ పోయింది. మాట మాత్రం నాకంటే ముందు ఊళ్ళు తిరిగింది. సొంతంగా వ్యాపారం మొదలుపెట్టి ఏ క్లినిక్ గడప తొక్కినా కాంపౌండర్లు నవ్వేవాళ్ళు. "ఏమప్పా, చార్జింగ్ ఫుల్లేనా?" నేనూ నవ్వేవాణ్ణి. నవ్విన ప్రతిసారీ ఆయన మీద కోపం ఇంకొంచెం గట్టిపడేది. అన్నం తినేటప్పుడు, బండి తోలేటప్పుడు, స్నానం చేసేటప్పుడు కూడా ఆయనను నలుగురిలో నిలబెట్టి అడగాల్సిన మాటలు కూర్చుకునేవాణ్ణి. అబద్ధమెందుకు, అందులో ఒక సుఖం ఉండేది.

ఆ పొద్దున పుంగనూరులో క్లినిక్ ముందు వ్యాన్ ఆపుతుంటే ఆయన లోపలి నుంచి బయటకు వస్తున్నాడు. వరండాలో బిడ్డలనెత్తుకున్న తల్లులున్నారు. నా బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"కొత్త బండా? బాగుండాదిలే. చార్జింగ్ పెట్టుకునేదానికి లోపల ప్లగ్గు ఉండాదా?"

కాంపౌండరు పగలబడి నవ్వాడు. ఒకామె ఎందుకో తెలియకుండానే నవ్వింది. పలమనేరు దాటాను, వి.కోట దాటాను. ఆ నవ్వు బండిలో నా పక్కన కూర్చునే వచ్చింది.

కుప్పం క్లినిక్‌లో నర్సు ఒక్కతే. పని ఒత్తిడి ఎక్కువ. అందుకని మందు తెచ్చినవాళ్ళమే ఫ్రిజ్‌లో సర్దిపెట్టి వెళ్ళేవాళ్ళం. పై అర ఆయనది, కింది అర నాది. ఒకరి సరుకు మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదన్నది మా వ్యాపారంలో కట్టుబాటు. రేపు ఏదైనా తేడా వస్తే నింద పడుతుందని భయం.

నా మందు సర్దుతూ పైకి చూశాను. ఆయన పనివాడు పెట్టిపోయిన డబ్బా వెనక గోడకు అతుక్కుపోయి ఉంది. అక్కడే మంచు పేరుకుంటుంది. అది కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బులకు కలిపి పసిపిల్లలకు వేసే సూది మందు. ఒక సీసా తీసి చూశాను. లోపల తెల్లటి గడ్డ.

ఈ మందుకు వేడి కంటే గడ్డకట్టడమే పెద్ద ప్రమాదం. ఒకసారి గడ్డకడితే దాన్ని నమ్ముకోవడానికి లేదు. వేడి తగిలితే రంగు మారే గుర్తు సీసా మీద ఉంటుంది కానీ, గడ్డకట్టిందని చెప్పే గుర్తు ఏదీ ఉండదు. కరిగాక కదిలిస్తే మళ్ళీ మామూలు మందులాగే కనబడుతుంది.

"సిస్టర్, ఇట్ల రా" అంటే అయిపోయేది. కానీ అప్పుడే చెబితే ఆయన ఒక తిట్టు తిని, కొత్త డబ్బా ఇచ్చి, మళ్ళీ నవ్వుకుంటూ తిరుగుతాడు. అదే ఆ మందు బిడ్డలకు వేశాక బయటపడితే? మూడు ఊళ్ళలో ఆయన ముఖం ఎవరూ చూడరు. రెండు రోజులాగి వచ్చి, డాక్టరమ్మ ముందు ఆ డబ్బాలో సీసాను కదిలించి బల్ల మీద అరగంట కదపకుండా పెట్టి, మందు పలుకులు పలుకులుగా అడుక్కు దిగడం చూపిస్తాను. అప్పుడు ఆయనను పిలిపించి అడుగుతాను, ఫోను చార్జింగ్ అయ్యిందా అని. ఇంత ఆలోచన ఫ్రిజ్ తలుపు తెరిచి ఉండగానే చేశాను. కట్టుబాటు తప్పి పై అరలో చెయ్యి పెట్టి, డబ్బాను ముందుకు జరిపాను.

డాక్టరమ్మ భోజనానికి వెళ్ళింది. ఆమె సంతకం కోసం బెంచీ మీద కూర్చున్నాను. ఆమె వచ్చి చూడటం మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం బాగా తిరిగింది. రామకుప్పం వైపు పల్లె నుంచి ఒక తల్లి చంటిబిడ్డతో వచ్చింది.

"ఇంత ఆలస్యమా?" అంది నర్సు.

"రాత్రి ఏనుగులు రాగి చేన్లో పడినాయమ్మా. మా ఆయన యింకా ఆడే ఉండాడు. వాకిట్లోకి రావాలన్నా భయమైపాయ."

నర్సు ఫ్రిజ్ తెరిచి, నేను జరిపిన డబ్బాలోంచే సీసా తీసింది. కదిలించింది. తెల్లగా, మామూలుగా ఉంది. సూది చూడగానే తల్లి కళ్ళు మూసుకుని ముఖం తిప్పుకుంది. నర్సు నా వైపు తిరిగింది.

"అన్నా, ఈ కాలు కొంచెం పట్టుకో."

పట్టుకున్నాను. బిడ్డ తొడ నా గుప్పిట్లో వెచ్చగా ఉంది. సూది దిగేటప్పుడు బిడ్డ గట్టిగా తన్నింది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

సంతకం తీసుకుని బయటపడ్డాను. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఆ తల్లి నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"అప్పా, మా పక్కింటి బిడ్డకు కోరింత దగ్గు వచ్చుండాది. దగ్గి దగ్గి నల్లబడిపోతాది. దాన్ని సూసే పరిగెత్తుకుని వచ్చినా. ఈ సూదితో మా బిడ్డకు రాదు కదా?"

నేను టీ గ్లాసులోకి తల దించుకున్నాను. రాదన్నట్టే అనుకుంది ఆమె. "సల్లగుండప్పా" అని బస్సెక్కింది.

పొద్దుటి నుంచీ ఆయన ముఖం తప్ప నాకేమీ కనబడలేదు. ఇప్పుడు నల్లబడిపోయే ఒక బిడ్డ ముఖం కనబడింది. గ్లాసు అక్కడే పెట్టేసి క్లినిక్‌కు తిరిగి వచ్చాను. డాక్టరమ్మకు చెప్పాను. మందు సంగతి ముందు చెప్పి, డబ్బా జరిపిన సంగతి దాచుకోవాలనుకున్నాను. నర్సు అడిగింది, "పొద్దున అది వెనక ఉండె కదన్నా, ముందుకెట్ల వచ్చె?" దాచలేకపోయాను.

డాక్టరమ్మ అరవలేదు. ఫ్రిజ్‌లోంచి ఆ డబ్బా తీసి పక్కన పెట్టి, ఆ మందు ఇంకెవరికైనా వేశావా అని నర్సును అడిగింది. లేదంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆయన పనివాడు తెలీక పెట్టినాడు. నువ్వు తెలిసి జరిపినావు. నీ మందు ఇంక మాకొద్దు. నీ అర ఖాళీ చెయ్యి."

ఆ బిడ్డకు మంచి మందు మళ్ళీ వేయాలని చెప్పి, ఆయనతో ఫోన్లో మాట్లాడింది. కొత్త మందు ఇస్తాను కానీ నన్నే వచ్చి తీసుకుపొమ్మన్నాడట.

ముందు ఆ పల్లెకు పోయాను. తల్లి వాకిట్లో బిడ్డకు పాలిస్తోంది. ఆమె భర్త రాత్రి కాపలాకు టార్చి సర్దుకుంటున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె బిడ్డను గుండెకు అదుముకుంది. అతను నా కాలరు పట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు.

"ఏనుగులు వస్తే డప్పు కొట్టి తరుముతాం. నీలాంటోళ్ళు వస్తే ఏం కొట్టాలప్పా?"

మరుసటి రోజు మదనపల్లెలో ఆ కౌంటరు ముందు నిలబడ్డాను. జనం ఉన్నారు. ఆయన కావాలనే గట్టిగా మాట్లాడాడు.

"సూడండప్పా, నా మీద కోపంతో బిడ్డకు చెడిపోయిన మందు వేయించినాడు ఈడు. ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధమా?"

అబద్ధమే. ఆ ఒక్క మాట గొంతుదాకా వచ్చింది. ఇన్నేళ్ళు కూర్చుకున్న మాటలన్నీ దాని వెనకే వచ్చాయి. కానీ ఆ రోజు అక్కడ నిజం చెప్పే అర్హత నా చేతులారా పోగొట్టుకున్నాను. "తప్పు నాదే" అని మాత్రం అన్నాను. ఆయన మీద పగ పోయిందని చెప్పను. ఇప్పటికీ ఆ వీధిలో నడిస్తే పళ్ళు కొరుక్కుంటాను.

ఈ మందు గడ్డకట్టకూడదని, పెట్టెలో ఐసు దిమ్మెలు కొంచెం చెమర్చేదాకా ఆగి సర్దాను. సీసాలు వాటికి తగలకుండా మధ్యలో అట్ట పెట్టాను. కుప్పం దాకా బండి ఎక్కడా ఆపలేదు. మందు క్లినిక్‌లో అప్పగించి, పల్లెకు పోయి తల్లినీ బిడ్డనూ వ్యాన్‌లో ఎక్కించుకుని వచ్చాను. ఆమె దారంతా బిడ్డను నాకు కనబడకుండా కొంగు కప్పుకుని కూర్చుంది.

డాక్టరమ్మే సీసాను వెలుగుకు పెట్టి చూసి, నర్సు చేతికిచ్చింది. నేను అలవాటుగా ఒక అడుగు ముందుకు వేశాను.

"నువ్వొద్దు, ఆడే ఉండు" అంది తల్లి.

ఈసారి ముఖం తిప్పుకోకుండా బిడ్డ కాలు తనే పట్టుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. బిడ్డ ఏడుపు ఆగాక ఇద్దరినీ ఊళ్ళో దింపి వచ్చాను. పక్కింటి బిడ్డ దగ్గు తగ్గేవరకు, కుప్పం వైపు పోయిన ప్రతిసారీ ఆ పల్లెకు పోయి, బిడ్డ ఎట్లుందని వాకిలి బయట నుంచే అడిగేవాణ్ణి. మొదట్లో ఆమె లోపలి నుంచే జవాబు చెప్పేది. తర్వాత ఒకరోజు బిడ్డను బయటికి ఎత్తుకొచ్చి, దూరంగా నిలబడి చూపించింది.