చెయ్యి కంటే ముందు కదిలిన నీడ

దయ్యం అనే మాట ఎత్తితే ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. మా అవ్వ నిమ్మకాయతో దిష్టి తీసి పారేస్తే, "గది పులిహోరల పిండితే ఐపోవు గదనే" అనేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకైతే భయం కంటే కోపమే ఎక్కువ.

జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని నాది. గోలీల స్ట్రిప్పులు బెల్టు మీద పరుగెత్తుతుంటే, కెమెరా వాటిని నా ముందున్న మానిటర్‌లో చూపిస్తుంది. పగిలిన గోలీ కనిపిస్తే ఎర్ర బటన్ నొక్కి బెల్టు ఆపాలి.

ఆ మానిటర్ ఏ కాలం నాటిదో. స్ట్రిప్పు కదిలితే దాని వెనకాల బూడిద రంగు తోక సాగేది. గోలీ పగిలిందో లేదో బ్రహ్మకు కూడా తెలియదు. మార్చమని మూడుసార్లు అడిగాను. "నీ కండ్లే మసకవట్టినయ్, అద్దాలు పెట్టుకో పో" అన్నాడు సూపర్‌వైజర్. నేత ఇంట్లో పుట్టినదాన్ని! మగ్గం మీద ఒక్క పోగు తెగినా వాకిట్లోంచే కనిపెట్టేదాన్ని. పైగా దసరాకు మేం స్క్రీన్ అంచుకు బొట్టు పెట్టడం వల్లే అది చెడిపోయిందట. ఒళ్లు మండిపోయింది.

మా ఆయన మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్లు రిపేరు చేస్తారు. అసలు సంగతి ఆయనే చెప్పారు. స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపిస్తుందో అది రిఫ్రెష్ రేట్. ఒక్కో చుక్క ఎంత త్వరగా రంగు మారుస్తుందో అది రెస్పాన్స్ టైమ్. చుక్క బద్ధకంగా మారితే కొత్త బొమ్మ వచ్చినా పాతది చెరిగిపోదు. అదే ఆ తోక.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని పనిలో కూర్చున్నాం. బెల్టు చివర, సీలు వేసే రోలర్ల దగ్గర నాతో పనిచేసే యాదమ్మక్క ఉంది. ఆ రోలర్లు కూడా నా స్క్రీన్ మీద కనిపిస్తాయి. స్ట్రిప్పు ఇరుక్కుంటే లైను ఆపకుండా చేత్తోనే లాగేయడం మాకందరికీ అలవాటు. ఆపితే ఎందుకు ఆపామో రిజిస్టర్‌లో రాయాలి, తిట్లు తినాలి. నేనూ ఎన్నోసార్లు అలాగే లాగాను.

స్ట్రిప్పు ఇరుక్కుంది. స్క్రీన్ మీదికి అక్క చెయ్యి వచ్చింది. దాని తోక వెనక లేదు, ముందుంది. బూడిద రంగు వేళ్లు ఐదూ అక్క వేళ్లకు జానెడు ముందు జరిగి, రోలర్ల మధ్యకు పోయి నలిగాయి. అక్క చెయ్యి ఇంకా ఇవతలే ఉంది. నేను బటన్ మీద గుద్దాను.

పరుగెత్తి వెళ్లి చూస్తే రోలర్లు ఆగి ఉన్నాయి. అక్క గ్లౌజు కొస వాటి మధ్య చిక్కుకుంది. వేళ్లు బయటే ఉన్నాయి. "ఓ యమ్మో, జరంతైతే చెయ్యి పోతుండె గదనే!" అంటూ అక్క గ్లౌజులోంచి చెయ్యి లాక్కుంది.

సూపర్‌వైజర్ వచ్చి మొదట అడిగిందేమిటో తెలుసా? "గోలీ పగల్లే, ఎవ్వలకు దెబ్బ తాకలే. లైన్ ఎందుకు ఆపినవ్?" అక్క చెయ్యి వైపు చూడనైనా లేదు. నాకు మెమో ఇచ్చారు. సరైన కారణం రాయకపోతే పనిలోంచి తీసేస్తారట. సిగ్గుండాలి మనుషులకు!

రాత్రి మా ఆయనకు చెప్పాను. "బండి పోతే దుమ్ము ఎన్క లేస్తది, ముందల లేస్తదా? ఏదైనా జరిగినంకనే స్క్రీన్ మీద కనవడ్తది" అన్నారు. మర్నాడు బెల్టు ఆపి ఉన్నప్పుడు, అదే కెమెరా కింద అక్కతో ఎన్నోసార్లు చెయ్యి ఊపించాను. తోక ప్రతిసారీ వెనకే వచ్చింది. ఆ ఒక్కసారి ముందుకు ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మెమోకు జరిగింది జరిగినట్టే రాశాను. పిచ్చిదాన్ననుకున్నా సరే, అబద్ధం రాయను. సాక్షి సంతకం లేనిదే తీసుకోం అన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. యాదమ్మక్క లేచి వచ్చి కాగితం లాక్కుంది.

"నువ్వేం జూసినవో నాకెర్కలే పిల్లా. గీ చెయ్యి మాత్రం ఉన్నది" అని, ఆ చేత్తోనే సంతకం పెట్టింది.