కానుగ వేళ్లలో దాచిన తోడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఆ తలుపు తెరిచిన ఉదయం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఇన్నేళ్లయినా అది నా కళ్ల ముందు నుంచి పోలేదు. చంద్రాపూర్‌లో మేము పనిచేసే ప్రయోగశాలలో ఒక శీతల గది ఉండేది. వేసవిలో దాని తలుపు తీస్తే చల్లగాలి ముఖానికి తగలాలి, కానీ ఆ రోజు వేడిగాలి కొట్టింది. సెలవుల్లో కరెంటు పోయి, జనరేటరు అందుకోక, మా విదర్భ ఎండకు గదంతా ఉడికిపోయింది, నేను ప్రాణంగా దాచుకున్న గాజు గొట్టాల్లో ఒక్కటి కూడా మిగలలేదు, లోపల పెంచినవన్నీ ఎండి అంచులు లేచిపోయి ఉన్నాయి. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ప్రార్థన చేయాలని కూడా తోచలేదు.

నేను సిరోంచ కోడలిని. మా అత్తవారిది నది ఒడ్డున వరి, కంది పండించుకునే కుటుంబం. నేను సూక్ష్మజీవుల చదువు చదివి, ఆ చదువు వంటింటికి ఎందుకు పనికొస్తుందని అందరూ ఆటపట్టిస్తుంటే పళ్లు బిగించి తిరిగినదాన్ని. పాతగూడెం దగ్గర ఇంద్రావతి ఒడ్డున ఒక చేనులో ఎరువు వేయకపోయినా కంది నల్లగా, ఏపుగా పెరగడం చూసి, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే మేలు చేసే సూక్ష్మజీవిని వేరుచేశాను. దాన్ని పెంచి, బొగ్గుపొడిలో కలిపి పొట్లాలు కట్టి ఇస్తే రైతులు విత్తనాలకు పట్టించుకుంటారు. అదే నా చిన్న కంపెనీ, పొట్లాలు ఇంకా ఊళ్లకు పోవాల్సే ఉంది. ఆ పొట్లాలన్నిటికీ తల్లి లాంటి మొదటి కల్చరు, అంటే ఆ జీవుల మూల విత్తనం, ఆ గొట్టాల్లో ఉండేది.

సొంతంగా ప్రయోగశాల కట్టుకునే స్తోమత నాకెక్కడిది? అలాంటి సమయంలో సర్కారు ప్రజల సొమ్ముతో చంద్రాపూర్‌లో ఒక ఉమ్మడి ప్రయోగశాల కట్టించి, చిన్న కంపెనీలు కొనలేని పెద్ద పెద్ద యంత్రాలు అందులో పెట్టి, ఎదుగుతున్న కంపెనీలకు తలా ఒక బల్ల ఇస్తామంది. అడవి అంచు ఊరి నుంచి ఎస్టీ అనే సర్కారు బస్సులో వచ్చిన నాకు కూడా ఒక బల్ల దొరికిందంటే నేనే నమ్మలేకపోయాను. దేవుడు సర్కారు చేత కూడా పని చేయిస్తాడని ఆ రోజు తెలుసుకున్నాను. అయితే ఒక షరతు ఉంది. వానాకాలం ముందు కమిటీ వచ్చి ఒక్కొక్కరి పని చూస్తుంది, చూపించడానికి ఏమీ లేని వారి బల్ల వరుసలో ఉన్న మరొకరికి పోతుంది. అది న్యాయమే, ఊరందరి సొమ్ము కదా.

నా పక్క బల్ల సునందక్కది. అల్లపల్లి మనిషి, మరాఠీ ఎంత ధారాళంగా మాట్లాడుతుందో తెలుగూ అంతే. అప్పట్లో కానుగ గింజల నూనెతో బండ్లు నడుస్తాయని ఎక్కడ చూసినా అదే మాట, ఆమె కంపెనీ ఆ కానుగ మొక్కలు పెంచేది. ఒక సాయంత్రం ఆమె ఖాళీ గొట్టం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "చెల్లె, నీ కల్చర్ జరంత ఇస్తవా? కానుగ మొక్కలకు పెట్టి సూస్త," అని అడిగింది. మా సిరోంచలో పక్కింటావిడ గిన్నె పట్టుకుని పెరుగు తోడుకు వస్తే లేదనే ఇల్లాలు ఉండదు, మన పెరుగు పాడైన రోజు ఆమె ఇంటికే గిన్నెతో పోతాం. నేను రెండో ఆలోచన లేకుండా ఇచ్చేశాను.

ఆ సంగతి తెలిసి ప్రయోగశాల మేనేజరు సారు తల పట్టుకున్నాడు. ఆయనది చంద్రాపూర్‌లో తరాలుగా దుకాణాలు నడిపే తెలుగు కుటుంబం, వ్యాపారం లోతుపాతులు తెలిసినవాడు.

"ఏందమ్మా గిది? కంపెనీ పానాన్నే తీసి పక్కోళ్ల చేతుల పెడ్తరా ఎవలన్న? ఇది వంటిల్లు గాదు. జర సోచాయించాలె గద," అన్నాడు.

మిగతా కంపెనీల వాళ్లు ముసిముసిగా నవ్వారు. నాకు ఒళ్లు మండింది, కానీ ఆయన అన్నది నిజమే అనిపించి తల వంచుకున్నాను. ఆ తర్వాత ఆ మాటే మరచిపోయాను.

ఆ తర్వాతే శీతల గది ఉడికిపోయింది. అయినా ఒక ఆశ మిగిలింది, పాతగూడెం చేనుకి వెళ్లి మళ్లీ మట్టి, వేళ్లు తెచ్చుకోవచ్చు కదా అని పరుగున వెళ్లాను. వెళ్లి చూస్తే అక్కడ చేను లేదు సహోదరులారా! అంతకుముందు వానాకాలం వరదకు ఇంద్రావతి ఒడ్డు కోసుకుపోయి, నేను నిలబడి వేళ్లు తవ్విన చోట నీళ్లు పారుతున్నాయి. ఆ చేను రైతు నా ముఖం చూసి, "మాకే దిక్కు లేదు బిడ్డా, నీకేం ఇయ్యాలె," అన్నాడు. ఆయనకు పోయింది చేను, నాకు పోయింది గొట్టాలు, అయినా ఆయనే నాకు మంచినీళ్లు ఇచ్చి బస్సెక్కించాడు.

ఇంటికి వచ్చి మంచం పట్టాను. అన్నం సహించలేదు, నిద్ర లేదు, అన్నిటికన్నా భయం ఏమిటంటే నా చేతులు వణకడం మొదలుపెట్టాయి, చెంబు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి. మా పనిలో మంట పక్కన సన్నని తీగతో కల్చరును ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టంలోకి మార్చాలి, చెయ్యి వణికితే అంతా పాడవుతుంది. డాక్టరు మందులిచ్చాడు, వణుకు తగ్గలేదు. చర్చికి వెళ్లడం మానేశాను. దేవుడి మీద కోపం వచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. "ప్రభువా, బల్ల నువ్వే ఇస్తివి, దాని మీద పెట్టనీకె ఏం మిగలకుంట చేస్తివి. గిట్ల చేయనీకెనా నన్ను అంత దూరం తోలుకపోయినవ్?" అని గోడవైపు తిరిగి అడిగాను.

మా అత్తమ్మ ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ లేవకూడదు, అంత పొడుగ్గా ఉంటుంది. ఆ రోజు మాత్రం నా మంచం మీద కూర్చుని నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని చిన్నగా ప్రార్థించింది.

"తండ్రీ, ఈ పొల్లకు అడుగ శాతనైతలేదు, నేనే అడుగుతున్న. పోయినదాని సంగతి నాకు తెల్వది. ఈ చేతులు నువ్విచ్చినవే, నువ్వే పట్టుకో."

మర్నాడు బజారు దుకాణానికి ఫోను వచ్చిందని కబురు వస్తే అత్తమ్మే నన్ను లేపి తోలింది. ఫోనులో సునందక్క, ఆమెకు మేనేజరు సారు నా సంగతంతా చెప్పాడట. "చెల్లె, ఏం అడుగకు, బస్సెక్కి అల్లపల్లిల దిగు," అంది.

దిగాను. ఆమె నన్ను టేకు చెట్ల మధ్య ఉన్న తన నర్సరీకి తీసుకుపోయింది. పందిరి కింద, తడి గోనెసంచుల పక్కన, కానుగ మొక్కలు వరుసగా నల్లటి సంచుల్లో ఉన్నాయి. ఒక సంచి చింపి, వేళ్లకున్న మట్టి నీళ్లతో కడిగి నా చేతిలో పెట్టింది. వేళ్ల నిండా బుడిపెలు. ఒక బుడిపెను గోటితో చీల్చాను, లోపల గులాబీ రంగు, అంటే అందులో ప్రాణం ఉంది! ఆ సంచుల మట్టిని ముందే ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసింది కాబట్టి అందులో నా కల్చరు తప్ప వేరేది ఉండే వీలు లేదు. నేను ఆ మట్టిలోనే కూర్చుని ఇంకో బుడిపె చీల్చాను, అదీ గులాబీయే. నా ఒళ్లు జల్లుమంది, ఇది రాస్తుంటే ఇప్పుడూ జల్లుమంటోంది.

"నీ తోడే గద చెల్లె, తీస్కపో," అంది సునందక్క. ఆమె ప్రభువును ఎరుగదు, అయినా ప్రభువు ఆమెను ఎరుగును.

చంద్రాపూర్‌లో నా బల్ల ముందు కూర్చుని మంట వెలిగించినప్పుడు భయం వేసింది. "ఈ చేతులు నువ్విచ్చినవే" అన్న మాట ఒక్కటే లోపల అనుకుంటూ తీగ పట్టుకున్నాను. చెయ్యి వణకలేదు. మేనేజరు సారు వెనక నిలబడి చూశాడు. కమిటీ వచ్చేసరికి గొట్టాల్లో కల్చరు తెల్లగా పెరిగింది, బల్ల నాకే మిగిలింది, పొట్లాలు తొలకరికి ఊళ్లకు చేరాయి, అందులో మొదటిది ఆ పాతగూడెం రైతుకు, వరద పోగా మిగిలిన మెట్ట చెలకలో విత్తుకోవడానికి. వంటిల్లు కాదని నన్ను తిట్టిన సారే, సెలవులకు తాళం వేసేముందు ప్రతి కంపెనీ ఒక గొట్టం పక్కవాళ్ల ఊళ్లో దాచుకోవాలని నియమం పెట్టాడు. దేవునికే మహిమ.

నేను తాళం వేసి కాపాడుకున్నదంతా చచ్చిపోయింది. అడిగినవాళ్లకు ఇచ్చేసి మరచిపోయిన చిటికెడు మాత్రం బతికింది. ఇది నా తెలివి కాదు, ఆ రోజు నాకు తెలివి ఉంటే ఇచ్చేదాన్నే కాదు. ఇది చదువుతున్న మీలో ఎవరైనా మూసిన తలుపు ముందు నిలబడి ఉంటే, మీ వణికే చేతులు ఆయన చేతుల్లో పెట్టండి, మీకు అడగడం చేతకాకపోతే మీ కోసం ఇంకొకరు అడుగుతారు. ఎవరైనా ఖాళీ గిన్నెతో మీ గుమ్మంలోకి వస్తే ఉత్త చేతులతో పంపకండి. అందులో మీ కోసం ఆయన ఏం దాస్తున్నాడో మీకు తెలియదు, నాకూ తెలియలేదు.