కల్వకుర్తి పక్క ఊళ్లో కోత పండుగ, వేలానికి వచ్చిన డప్పు

నల్లగొండలో మోటార్ల వైండింగ్ దుకాణం పెట్టుకుని, పదో తరగతి రెండుసార్లు తప్పిన నాకు చర్చితో పనేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడ కూడా అదే అడిగింది, ఇంకాస్త గట్టిగా. సంగతేమిటంటే, మా పక్కింటి మనోహర్ హైదరాబాదులో బైబిల్ చదువు ముగించి ఈ మధ్యే పాస్టరయ్యాడు. వయసు ఇరవై ఆరు. కల్వకుర్తి దగ్గర ఒక ఊరి చర్చికి పాస్టరు లేడు. కోత పండుగకు వచ్చి వాక్యం చెప్పు, పెద్దలకు నచ్చితే నిన్నే పెట్టుకుంటామని వాళ్లు కబురు చేశారు. అంటే ఒకరకంగా పెళ్లిచూపులే. పెళ్లిచూపులకు ఒంటరిగా ఎవడు పోతాడు? "కాక, జర తోడు రారాదు" అన్నాడు. అక్టోబరు చివర, గుట్టల మీద సీతాఫలాలు కళ్లు విప్పే కాలం. ఆ గాలి కోసమైనా పోదామని బయల్దేరాను.

ఆదివారం పొద్దున ఐదూ నలభైకి నల్లగొండ బస్టాండులో దేవరకొండ పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు, మగవాళ్లకు సీటు లేదు. మనిషికి ఎనభై రూపాయల లోపే, కాకపోతే కొండమల్లేపల్లి దాకా కాళ్ల మీదే ప్రయాణం. ఆ తర్వాత కిటికీ పక్కన చోటు దొరికింది. పత్తి పగిలిన చేల మీద మంచు కూర్చుని ఉంది. ఎక్కడ మంచు అయిపోయిందో, ఎక్కడ పత్తి మొదలైందో తెలియలేదు. దూరంగా రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి, ఎవరో పెద్దమనిషి వాటితో ఆడుకుంటూ మధ్యలో నిద్రపోయినట్టు. నేను కూడా సగం నిద్రలోనే చూశాను కాబట్టి అందులో సగం నిజం, మిగతా సగం నాది.

దేవరకొండలో బస్సు మారి ఎనిమిదిన్నరకు డిండిలో దిగాం. చెరువు నిండుగా ఉంది. అవతలి ఒడ్డు మంచులో కరిగిపోయి, నీళ్లు నేరుగా ఆకాశంలోకి పోతున్నట్టు కనిపించింది. రోడ్డు పక్క పాకలో ఒకామె చేపలు తోముతోంది. వేపుడు పెట్టమంటే తల కూడా ఎత్తలేదు.

"చాపలు పదకొండింటికి. ఇప్పుడు ఉప్మానే."

"గంత దూరంకెల్లి వచ్చినం అక్కా, మా వెంట పాస్టరు సారు గూడ ఉన్నడు."

"పాస్టరైతే వలేసి పట్టుకోమను. వాళ్ల దేవుడు గదే పని చెప్పిండంట గదా."

నాకంటే మాట పదునున్న మనిషి కనబడితే నేను గౌరవిస్తాను. ముప్పై రూపాయల ఉప్మా తిని నీళ్ల దగ్గర కూర్చున్నాం. మనోహర్ సంచిలోంచి ఎనిమిది పేజీలు తీశాడు. అదే ఆ రోజు ప్రసంగం. పైన 'విశ్వాసము, సంస్కృతి' అని గుండ్రటి అక్షరాలు.

"ఇప్పుడు పోరగాండ్లు వాక్యం ఫోన్ల ఇంటున్నరు కాక. అది గూడ ఒకటిన్నర స్పీడుల."

"మరి నువ్వు ఎదురుంగ నిలబడి చెప్తుంటే నీ స్పీడు ఎట్ల పెంచుతరు?"

వాడు నవ్వలేదు. నీళ్లకేసి చూస్తూ మాట్లాడాడు. "ఏ చర్చికి పోయినా అదే కీబోర్డు, అవే రిథమ్ ప్యాడ్లు, అదే పాట. మన తాతలు కొట్టిన డప్పు మాత్రం లోపలికి రావద్దంటరు. మన మాట ఇనే దేవుడు మన దరువు ఇనడా? పాటల డప్పు పెట్టుకుందామని ఇయాల అడుగుత."

"నౌకరీ దొరికినంక అడగరాదురా?"

"దొరికినంక అడిగితే ధైర్యమేముంటది కాక?"

కొంగ ఒకటి లేచి మంచులోకి పోయింది. మా మాటలు కూడా దానితో పోయాయి.

డిండి నుంచి కల్వకుర్తికి గంట, మళ్లీ ఒక యాభై రూపాయలు. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో, మనిషికి ముప్పై. డ్రైవరు పక్కన ఊరికే కూర్చోలేక, వెనకున్న తెల్లచొక్కా కుర్రాడు కొత్త డాక్టరని చెప్పాను. ఆటో ఆగింది. డ్రైవరు ప్యాంటు పైకి మడిచి వాపెక్కిన మోకాలు చూపించాడు. మనోహర్ నా వైపు కొరకొరా చూసి, "అన్నా, నేను డాక్టర్ను గాదు, ప్రార్థన చేసేటోన్ని" అని, ఆ మోకాలి మీదే చెయ్యి పెట్టి కళ్లు మూశాడు. ప్రార్థన అయ్యాక డ్రైవరు మోకాలు వంచి చూసుకుని, "మంచిగనే ఉన్నది గని, గోలీలు గూడ ఏమన్న చెప్పరాదు సారూ" అన్నాడు. దిగేటప్పుడు నా ముప్పై తీసుకున్నాడు, మనోహర్ ముప్పై తీసుకోలేదు.

చర్చి అంటే రేకుల కప్పు, నీలం సున్నం, ముందు చదునైన నేల, ఓ మూల వరిగడ్డి కుప్ప. పదకొండుకు ఆరాధన మొదలైంది. కోత పండుగ గురించి తెలియనివాళ్లకు చెబుతున్నాను: ఎవరి మొదటి పంట వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, సీతాఫలాల గంపలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. ఏది వచ్చినా కాదనకూడదు, పాట పెట్టి తీరాలి. అక్కడ అన్నింటికీ పెద్ద, వేలం వేసేది కూడా, దేవదానం అనే ఆయన. అరవై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, కర్రలాంటి మనిషి. నాలుగు గుడ్లను మూడు వందలకు పలికించగల గొంతు.

మనోహర్ బాగానే చెప్పాడు. చివర డప్పు మాట ఎత్తాడు. చాపల మీద కూర్చున్నవాళ్లలో కదలిక ఆగిపోయింది. దేవదానం లేచాడు.

"పాస్టరూ, ఒక్క మాట. మా నాయిన డప్పు కొట్టిండు. ఇష్టముండి గాదు. దొర ఇంట్ల చావైతే, జరమొచ్చి పెయ్యి కాలుతున్నా లేచి పోవాలె. కొట్టినంక గంజి దూరంకెల్లి పోసేది. ఆ డప్పు కింద పెట్టిననాడే మేము మనుషులమైనం. నువ్వు సదువుకున్నోనివి, దాన్ని సంస్కృతి అంటున్నవు. మేము దాన్ని మోసినం."

మనోహర్ తన ఎనిమిది పేజీలూ మడిచాడు. "తప్పైంది పెద్దయ్యా. నాకు ఎరుక లేకుండె" అని కూర్చున్నాడు. పెళ్లిచూపులు చెడిపోయాయని నాకు అర్థమైంది. తిరుగు బస్సు ఎన్నింటికో అనుకుంటున్నాను.

వేలం మొదలైంది. గుమ్మడికాయలు పోయాయి, కోళ్లు పోయాయి. అప్పుడు గోడవారన కూర్చున్న ముసలాయన గోనెసంచి విప్పాడు. ఎల్లయ్య, దేవదానానికి సొంత అన్న. సంచిలోంచి తీసి గంపల పక్కన పెట్టింది డప్పు. చెక్క చట్రం చేతుల రాపిడికి నున్నగా అరిగి ఉంది.

"ఇదేందన్నా?" దేవదానం గొంతు తగ్గింది.

"ఈ ఏడు నాకు పంట లేదు తమ్మీ. నాయినది ఇదొక్కటే మిగిలింది. దేవునికే పెడ్తున్న."

కాదనడానికి లేదు, పాట పెట్టాల్సిందే. ఎవరూ నోరు తెరవలేదు. నా నోరు ఊరుకుంటుందా? "నూరు!" అని చెయ్యెత్తాను. "దుకాణంల గోడకు తగిలిస్త, గిరాకి లేనప్పుడు కొట్టుకుంట కూసుంట!"

నవ్వింది నేనొక్కడినే. ఎల్లయ్య తల దించుకున్నాడు. నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

"నూరు, ఒకటోసారి," అన్నాడు దేవదానం, నియమం కదా. "నూరు, రెండోసారి." అక్కడ ఆగాడు. నన్ను చూశాడు, డప్పును చూశాడు. "ఐదు నూర్లు. నేనే పాడుతున్న. వేలం పెట్టేటోడు పాడొద్దని ఏ వాక్యంల గూడ లేదు." నా వైపు తిరిగి, "గోడకు తగిలించే వస్తువు గాదు సారూ ఇది," అన్నాడు. నేను చెయ్యి దించాను.

ఆయన డప్పు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. మేమంతా వెనకాలే. గుప్పెడు వరిగడ్డి లాగి నిప్పంటించాడు. మెత్తబడ్డ తోలు కాగితే బిగుసుకుని పలుకుతుంది. మనోహర్ మంట పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొద్దికొద్దిగా గడ్డి వేయసాగాడు. వేడెక్కిన డప్పును దేవదానం అన్నకు ఇవ్వబోయాడు. ఎల్లయ్య వణికే చేతులు చూపించి తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఇనుండ్రి," అన్నాడు దేవదానం. "ఇయాల నన్నెవ్వరు పిలువలే. నేనే కొడ్తున్న."

మొదటి దెబ్బ గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. రెండోది వచ్చేసరికి మొదటిది ఇంకా గాల్లోనే ఉంది. మధ్యాహ్నపు ఎండ, గడ్డి పొగ, సీతాఫలాల వాసన అన్నీ ఆ దరువు మీద తేలినట్టయింది. ఎంతసేపు కొట్టాడో చెప్పలేను. నా చెప్పులు చర్చి గుమ్మం దగ్గరే ఉన్నాయన్న సంగతి అరికాళ్లు కాలాకే తెలిసింది. ఆపాక ఆయన చొక్కా అంతా చెమట. డప్పును చర్చిలోకి తీసుకుపోలేదు, ఇంటికే పట్టుకుపోయాడు. పోతూ మనోహర్ భుజం తట్టాడు. "వచ్చే ఆదివారం నుంచి రా పాస్టరూ. ఆ కాయితాలు మాత్రం ఇంట్ల పెట్టి రా."

తిరుగు ప్రయాణంలో మనోహర్ ఆ పేజీలను సంచి అడుగున పెట్టి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒకటే ఆలోచన. ఒక మనిషి తన చేత్తో కింద పెట్టినదాన్ని తిరిగి ఎత్తుకోవాలంటే, అది తన సొంతదని ముందు అతనికి అనిపించాలేమో. దేవుడి పేరుతో అడిగినా, సంస్కృతి పేరుతో అడిగినా, అడిగేవాడు అవతలి గట్టున నిలబడ్డవాడే. నేనైతే అడగను కూడా అడగలేదు, ఎగతాళి చేశాను. బస్సు కిటికీలోంచి చూస్తే గుట్టలు ఊదారంగులోకి మారి, ఒకదాని వెనక ఒకటి సన్నగా కదులుతున్నట్టు ఉన్నాయి.

మీరూ కోత పండుగకు పోదలిస్తే పదకొండు లోపే చేరుకోండి, చిల్లర నోట్లు పెట్టుకోండి, కల్వకుర్తిలో నాలుగున్నరకల్లా తిరుగు బస్సు చూసుకోండి. డప్పు కొట్టమని మాత్రం ఎవరినీ అడగకండి. వాళ్లకే కొట్టాలనిపించిన రోజున, మంట దగ్గర మీకూ కాస్త చోటు ఇస్తారు.