నార్మల్ రిపోర్టు, నా బొక్కలు

ఇయ్యాల పొద్దుగాల చాప, చీరల మూట, గమ్ము డబ్బా పట్టుకొని మా బిల్డింగ్ డాబా ఎక్కిన. ఊరిడిచి బతకొచ్చిన ఈ పర్వత్ పాటియాల పన్నెండేండ్ల సంది కిటికీ లేని రూముల కూసొనే చీరలకు రాళ్లు అతికిస్తున్న. నడుము, కాళ్లు ఒకటే గుంజుతుంటే మొన్న టెస్టులు చేయించుకున్న. రక్తంల కాల్షియం నార్మలే వచ్చింది.

లూమ్ డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నన్ను వెతుక్కుంట పైకొచ్చిండు. "రిపోర్టు మంచిగనే వచ్చె గదనే! ఈ ఎండల ఏం పని? అందరు చూస్తుండ్రు, కిందికి నడువు."

"చూడనియ్" అన్న. "డాక్టరమ్మ చెప్పింది నువ్వు సగమే విన్నవ్. ఎండ తగలక విటమిన్ డి లేదు, తిన్న కాల్షియం ఒంటికి పడ్తలేదు. రక్తంల అది తగ్గితే గుండెకే కష్టమని, ఒళ్లే నా బొక్కలకెల్లి తీసి రక్తంల కలుపుతుందట. అందుకే నార్మల్!"

ఆయన వంగి నా చాప నీడకు జరపబోయిండు. నేను గుంజి మళ్ల ఎండలనే ఏసుకున్న.

ఎండకు గమ్ము జల్ది ఆరి రోజుకన్న రెండు చీరలు తక్కువైనయ్, వాటి కూలి పోయింది. కానియ్, రేపు గూడ ఎక్కుత.

మీ ఇంట్ల గూడ అన్నీ నార్మల్‌గనే నడుస్తున్నయా? ఎవరి బొక్కలకెల్లి నడుస్తున్నయో జర అడిగి చెప్పుండ్రి.