ఆధారం ఉందన్నాను

ఎనభైలలో నేను బ్రాడీపేటలో ఒక పేరున్న లాయరు దగ్గర జూనియర్ని. కోటు వేసుకుని రెండేళ్లు కాలేదు. కోపం ముక్కు మీదే ఉండేది, తెలివి ఎక్కడుండేదో చెప్పలేను.

ఆ ఏడాది ఒక పల్లెలో పొలం గట్టు తగాదాలో ఒక పాలేరును కొట్టి చంపారు. కొట్టిన రైతు తరఫున మేము. కళ్లారా చూసిన సాక్షి ఒక్కతే. మిరపకోతలకు వెళ్లే కూలిమనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె మాట నిలబడితే మా రైతుకు జైలే.

"వెళ్లి ఆవిడ సంగతులేమన్నా పట్టుకురావోయ్," అని మా సీనియరు గారు నన్ను ఆ ఊరు పంపారు. అడ్డప్రశ్నలకు సరుకు కావాలి కదా. పొద్దంతా తిరిగాను. ఎవరిని కదిపినా మంచిమనిషే అన్నారు. తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే మా రైతు బావమరిది టీ తాగిస్తూ, "ఆవిడకీ ఆ చచ్చినోడికీ ఏదో ఉందంటార్లెండి," అన్నాడు. ఉత్త చేతులతో వెళితే సీనియరు గారి ముందు చులకనైపోతానని ఆ ముక్కే పట్టుకుని బస్సెక్కాను. మర్నాడు ఆయనకు చెప్పేటప్పుడు ఊరంతా అనుకుంటున్నట్టే చెప్పాను. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది.

విచారణ రోజు ఆమె బోనులో కొయ్య పట్టుకుని నిలబడింది. కోతల ఘాటుకు వేళ్ల చివర్లు తోలు ఊడి ఉన్నాయి. సీనియరు గారు గట్టు గురించీ, వెలుతురు గురించీ అడిగి, చివరికి ఆ ప్రశ్న వేశారు.

జడ్జీగారు కలం పక్కన పెట్టారు. సాక్షి పరువు తీసే ప్రశ్నను లాయరు గాలికి అడగడానికి చట్టం ఒప్పుకోదు. నమ్మదగ్గ ఆధారమేదో చేతిలో ఉండాలి. లేకుండా అడిగితే జడ్జీ ఆ లాయరు మీద పైకోర్టుకు రాయవచ్చు, లాయరుగా పనిచేసే సనదుకే ముప్పు రావచ్చు.

"దీనికి మీ దగ్గర ఆధారం ఉందా?" అని ఆయన అడిగారు.

"మా జూనియరు స్వయంగా ఊళ్లో విచారించాడండి," అన్నారు సీనియరు గారు.

జడ్జీగారు నావైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. లేదని చెప్పి ఉంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయేది.

"ఉందండి," అన్నాను.

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత మెల్లగా, "ఆయన నాకు అన్న వరసండి. అట్టాంటిదేం లేదండి," అంది.

సాక్ష్యం అయ్యాక రాసినదంతా సాక్షికి చదివి వినిపించి వేలిముద్ర వేయించుకోవడం పద్ధతి. లాయరు ప్రశ్ననూ సాక్షి జవాబునూ కలిపి సాక్షే చెప్పినట్టు రాస్తారు. గుమాస్తా చదివాడు: "నాకూ మృతుడికీ సంబంధం ఉందనడం నిజం కాదు."

ఆమె బొటనవేలు వెనక్కి తీసుకుంది. "ఆ మాట నేననలేదండి. ఆ లాయరుగారన్నారు."

"కాదన్నావు గదమ్మా. అదే రాశాం."

"కాదన్నానండి. మరి ఆ పాడుమాట నా నోట్లో పెట్టారేంటండి?"

గుమాస్తాకు విసుగొచ్చింది. చివరికి వేలిముద్ర పడింది.

రెండు వారాలకు ఆమె మా ఆఫీసు అరుగు దగ్గరికి వచ్చింది. సీనియరు గారి కోసం కాదు, నా కోసం.

"మా అయ్యగారు నన్ను బల్లకి రావద్దన్నారండి," అంది. అయ్యగారంటే వాళ్ల పాస్టరు గారు, బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు సంస్కారం. నింద పడ్డవాళ్లు అది తేలేదాకా దానికి దూరంగా ఉండాలని ఆ ఊరి సంఘం కట్టుబాటు. "కోర్టు కాగితంలో ఎక్కిందంటగా, నిప్పు లేందే పొగ రాదంటన్నారు. మీరొచ్చి మా అయ్యగారితో ఒక్క ముక్క చెప్పండి బాబుగారూ."

వస్తానన్నాను. ఆదివారం ఆ ఊరి చర్చికి వెళ్లాను కూడా. ఆమె నన్ను గుమ్మం దగ్గరే చూసి, లోపల ఆడవాళ్లతో, "వచ్చారు, నేను చెప్పలా?" అంది. ఆ ముఖం ఇప్పుడు తలచుకోవడం కూడా నాకు కష్టం.

అయ్యగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. అంతా విని ఒక తెల్లకాగితం నా ముందు పెట్టారు. "ఆధారం ఏమీ లేదని రాసి సంతకం పెట్టండి బాబూ. సంఘానికి చదివి వినిపిస్తాను. ఈ రోజే బల్లకి వస్తుంది."

నోటితో చెప్పి చక్కా వద్దామనుకున్నాను. రాసిస్తే కోర్టులో అబద్ధమాడానని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టే. కలం తీశాను, మూత కూడా తీశాను. సనదు కళ్ల ముందు కనిపించింది.

"మా సీనియరు గారిని అడిగి రాసిస్తానండి," అన్నాను.

అయ్యగారు కాగితం మడిచి పక్కన పెట్టారు. ఆమే అంది: "అడిగే రాయండి బాబుగారూ. ఇన్నాళ్లు ఆగాను, ఇంకో వారం ఆగలేనా?"

సంస్కారం మొదలయ్యే వేళకు ఆమె లేచి బయటికొచ్చి చెప్పుల పక్కన కూర్చుంది. బస్సుకు నేను ఆమె ముందు నుంచే వెళ్లాను.

సీనియరు గారిని నేను అడగనే లేదు. తర్వాత తీర్పొచ్చింది. జడ్జీగారు ఆమె చెప్పిన ప్రతి మాటా నమ్మి రైతుకు శిక్ష వేశారు. మా ప్రశ్న ఎవరికీ ఎందుకూ పనికిరాలేదు. ఆ తీర్పు కాపీ తీసుకెళ్లి చూపించినా సరిపోయేదేమో. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? ఆమె ఎన్ని ఆదివారాలు ఆ చెప్పుల పక్కన కూర్చుందో నాకు తెలియదు. మళ్లీ నా దగ్గరికి మాత్రం రాలేదు. నేను రాసిస్తాననే అనుకుని ఉంటుంది.