నా పేరు వెనకాల ఏడు బోగీలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మనిషి విలువ ఆ మనిషి దగ్గరున్న కాగితం మందాన్ని బట్టి ఉంటుందని. పల్చటి కాగితం మీద ప్రింటు చేసిన సర్టిఫికెట్ కన్నా అట్టలాంటి కాగితం మీద చేసింది గొప్పది, దానికి బంగారు రంగు అంచు కూడా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. ఈ లెక్కన ఇరవై నాలుగేళ్ళ వయసులో దోహా ఎయిర్‌పోర్టులో దిగేసరికి నేను చిన్నపాటి మేధావిని, ఎందుకంటే నా ప్లాస్టిక్ ఫైల్లో ఏడు సర్టిఫికెట్లున్నాయి. మొదటిది న్యాయంగా సంపాదించిన వ్యాయామ విద్య డిగ్రీ. రెండోది ఇనుప గుండ్లతో కసరత్తు చేయించడం గురించి హైదరాబాదులో ఒక ఆదివారం జరిగిన కోర్సు (భోజన విరామంతో కలిపి ఆరు గంటలు). తర్వాత డాన్సు ఫిట్‌నెస్, యోగా, ఫస్ట్ ఎయిడ్. ఆరోది పోషకాహారం మీద ఆన్‌లైన్ పరీక్ష. తప్పితే ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, ఆ సౌకర్యాన్ని నేను పూర్తిగా వాడుకున్నాను. ఏడోది క్రీడా మనస్తత్వశాస్త్రం మీద వెబినార్. కెమెరా ఆపేసి హాయిగా నిద్రపోయాను, లేచి చూసేసరికి సర్టిఫికెట్ మెయిల్లో వచ్చి ఉంది.

నాకొచ్చిన ఉద్యోగం అక్కడి ఒక కాలేజీలో అమ్మాయిల విభాగానికి అసిస్టెంట్ స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ కోచ్. ఆట నేర్పేవాళ్ళు వేరే ఉంటారు. ఆడడానికి కావలసిన బలం, దమ్ము పెంచి, మోకాళ్ళూ నడుములూ విరక్కుండా చూసుకునేది మేము. ఇది జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. మా అమ్మమ్మ మాత్రం తన పద్ధతిలో అర్థం చేసుకుని, "మా మనుమరాలు దుబాయ్ల పహిల్వాన్లకు పంతులమ్మ" అని వాడంతా చాటింపు వేసింది. దుబాయ్ కాదే, ఖతార్ అంటే, "అదే, దుబాయ్ల ఖతార్" అంది. నేనూ సరిదిద్దలేదు, పంతులమ్మ అనే మాట చెవికి ఇంపుగానే ఉంది.

నా పై అధికారి ట్యునీషియా ఆవిడ. ఆవిడ ఆఫీసు తలుపు మీద పేరు చిన్నదే కానీ, ఆ పేరు వెనకాల డిగ్రీల పొట్టి అక్షరాలు గూడ్సు బండి బోగీల్లా తలుపు చివరిదాకా సాగేవి. అందుకే ఆవిడకు నేను బోగీల మేడమ్ అని పేరు పెట్టుకున్నాను (మనసులోనే, ఇప్పుడు మొదటిసారి బయటపెడుతున్నాను). ఆ తలుపు చూసిన రోజే నా ఈమెయిల్ కింద నా పేరు వెనకాల కూడా ఏడు బోగీలు తగిలించాను. అందులో డాన్సు ఫిట్‌నెస్ కూడా ఉంది. మేడమ్ దాన్ని చదివి కనుబొమ్మ కొంచెం పైకి లేపింది.

ఆరు నెలల ప్రొబేషన్లో అయిదో నెల దాకా బండి బాగానే నడిచింది. ఒక రోజు బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్ భుజాల మీద బరువున్న కడ్డీ పెట్టుకుని గుంజీ తీస్తోంది. అటొక అమ్మాయిని, ఇటొక అమ్మాయిని సాయానికి నిలబెట్టాను. కడ్డీకి రెండు చివర్లా ఇనుప బిళ్ళలు జారకుండా క్లిప్పులు పెట్టించాలి. ఆ సంగతి మరిచిపోయాను, ఎందుకంటే ఆ సమయంలో నేను సిద్ధాంతం చెబుతున్నాను. కెప్టెన్ కిందికైతే దిగింది కానీ పైకి లేవలేకపోయింది. కుడి పక్క ఉన్న ఈజిప్టు అమ్మాయి "యల్లా, పైకి!" అని అరిచింది. ఎడమ పక్క మలయాళీ అమ్మాయి "వద్దు, కింద పెట్టేయ్!" అంది. నేను కంగారులో "లెవ్వే, లెవ్వు!" అని శుద్ధమైన జగిత్యాల తెలుగులో కేకలు పెట్టాను. ఒక పక్క లేచింది, ఇంకో పక్క దిగింది, బిళ్ళలు జారి దొర్లాయి, తేలికైన పక్క గాల్లోకి ఎగిరి గోడంత అద్దాన్ని పలకరించింది. కెప్టెన్ ఒడుపుగా పక్కకి జారుకుంది కాబట్టి ఎవరికీ గీతైనా పడలేదు. అద్దం మాత్రం దక్కలేదు.

బోగీల మేడమ్ వచ్చి ముందు కెప్టెన్ మెడా వీపూ తడిమి చూసింది, తర్వాత అద్దాన్ని చూసింది, చివరికి నన్ను చూసింది. అరిస్తే బాగుండేది, అరవలేదు. "నీ దగ్గర ఏడు సర్టిఫికెట్లున్నాయి. ఇలాంటప్పుడు ఎవరు మాట్లాడాలో వాటిలో ఒక్కదాంట్లోనైనా రాసుందా?" అని అడిగింది. రెండు వారాల తర్వాత, అదే కెప్టెన్‌తో, అదే కసరత్తు, తన కళ్ళెదుట చేయించాలంది. సరిగ్గా చేయిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే నెలాఖరుకి ఇంటికి. ఇంటికెళ్తే అమ్మమ్మ చాటింపు ఏమవుతుందన్న దిగులు ఒకటైతే, అంతకన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. ఆ గదంటే నాకు ప్రాణం. మొదటి రోజు ఖాళీ కడ్డీ ఎత్తలేక నవ్విన పిల్ల మూడు నెలల తర్వాత దాన్ని అవలీలగా ఎత్తి నా వైపు చూసే చూపు కోసం నేను ఏ ఎండలోనైనా బస్సెక్కి వెళ్ళేదాన్ని.

నేనప్పుడు దోహాలోని ఐన్ ఖాలిద్‌లో మా చిన్నమ్మ వాళ్ళింట్లో ఉండేదాన్ని. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా మేనమామ అక్కడికి భోజనానికి వచ్చేవాడు. ఆయన గ్యాస్ ప్లాంట్లుండే రాస్ లఫాన్‌లో రిగ్గర్, అంటే క్రేన్ కొక్కేనికి బరువు కట్టి, దాన్ని జాగ్రత్తగా ఎత్తించి దింపించే మనిషి. ఉండేది అల్ ఖోర్ దగ్గర కంపెనీ క్యాంపులో. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నాది సైన్సు, మామది కూలి పని అని అప్పట్లో నా అభిప్రాయం. కాలేజీలో ఎవరైనా బంధువులున్నారా అని అడిగితే "మామయ్య గ్యాస్ రంగంలో ఉన్నారు" అనేదాన్ని. వినేవాళ్ళు ఆయన్ని ఇంజినీరనుకునేవాళ్ళు, నేను అనుకోనిచ్చేదాన్ని.

ఆ శుక్రవారం నా వాలకం చూసి మామ, "ఏందే బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?" అన్నాడు. జరిగింది చెప్పాను.

"ఎవలకన్న తాకిందా?"

"లేదు మామా. అద్దం పలిగింది."

"ముగ్గురు ఒర్రిన్రు అంటున్నవ్. మీల చెయ్యి సూపే సిగ్నల్ మ్యాన్ ఎవలు?"

"అట్లాంటోళ్ళు ఉండరు మామా. ఇది సైన్సు."

"గందుకే పలిగింది" అని పప్పు కలుపుకున్నాడు.

సరిగ్గా ఆ రోజే చిన్నమ్మ వాళ్ళు కింది వాటా నుంచి పై వాటాకి మారుతున్నారు. రెండు తలుపుల ఫ్రిజ్జును ఇరుకు మెట్ల మీదుగా పైకి చేర్చాలి. మామ, చిన్నాయన, పక్కింట్లో హౌస్ డ్రైవరుగా ఉండే కడప అన్న పట్టుకున్నారు. రెండు మెట్లు ఎక్కారో లేదో చిన్నమ్మ "అన్నా, గోడ! పెయింట్ మొన్ననే ఏసిన్రు! ఇటు తిప్పున్రి!" అంది. చిన్నాయన "అటు, అటు" అన్నాడు. నేను ఊరుకుంటానా, "నడుము వంచకండి, మోకాళ్ళు వంచండి, ఊపిరి బిగబట్టండి" అని అందుకున్నాను. కడప అన్న ఫ్రిజ్జు కింద నుంచి తల బయటపెట్టి, "అక్కొకటి సెప్తాది, సారొకటి సెప్తాడు, ఈ పాపొకటి సెప్తాది. నేనెవురి మాట ఇనాలప్పా?" అన్నాడు.

మామ ఫ్రిజ్జు దింపించాడు. అందర్నీ వరసగా నిలబెట్టి, రాస్ లఫాన్‌లో రోజూ డ్యూటీ ఎక్కేముందు చేసినట్టే, భుజాలు తిప్పించి, నడుము తిప్పించి, పిక్కలు సాగదీయించాడు. (చిన్నాయన పెళ్ళయ్యాక అంత వంగింది అదే మొదటిసారని చిన్నమ్మ చెప్పింది.) నేను పుస్తకంలో బట్టీ పట్టిన వార్మప్ అదే, వరస కూడా తప్పలేదు. ఎక్కడ నేర్చుకున్నావు మామా అంటే, "పద్దెనిమిదేండ్ల సంది పొద్దుగాల ఇదే కదనే" అన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. "ఎత్తేటోడు ఎవ్వని మాట ఇనొద్దు. సిగ్నల్ మ్యాన్ చెయ్యి ఒక్కటే సూడాలె. మేనేజరొచ్చి ఒర్రినా ఇనొద్దు. కని ఆపుమని మాత్రం ఎవలన్న అనొచ్చు. చాయ్ పోసేటాయన ఆపుమన్నా ఆపాలె, ఎందుకు అని తర్వాత అడగాలె."

"నేను గూడ అనొచ్చా?" అంది చిన్నమ్మ.

"అనొచ్చు."

"గంతే అనాల్నా?"

"గంతే."

చిన్నమ్మ జీవితంలో అంత కష్టమైన ఆంక్ష ఎప్పుడూ విని ఉండదు. సిగ్నల్ మ్యాన్‌గా మామ నన్నే నిలబెట్టాడు. అరచెయ్యి పైకి చూపితే ఎత్తు, కిందికి చూపితే దించు, రెండు చేతులూ బార్లా చాస్తే ఉన్నపళంగా ఆగు. నేను సిద్ధాంతం ఎత్తుకోబోతే, "ముచ్చట తర్వాత, ముందుగాల చెయ్యి" అన్నాడు. నోరు మూసుకుని చేతులతో నడిపించాను. మెట్ల మలుపు దగ్గర చిన్నమ్మ ఒక్కసారి "ఆపున్రి!" అని కేకేసింది. నేను చేతులు చాచాను, అందరూ ఆగారు. చూస్తే కడప అన్న మడమ మెట్టు అంచు దాటి గాల్లో ఉంది, ఆ సంగతి ఆయనకే తెలియదు. ఫ్రిజ్జు గోడకి గీత కూడా పడకుండా పైకి చేరింది. తర్వాతి శుక్రవారం కూడా మామ నా చేత మంచాలు, బీరువా, బియ్యం బస్తాలు ఎత్తించి ప్రాక్టీసు చేయించాడు.

పరీక్ష రోజు వచ్చింది. నేను కెప్టెన్‌నీ, సాయం పట్టే ఇద్దరమ్మాయిల్నీ పిలిచి మామ చెప్పిందే చెప్పాను: నా చెయ్యి తప్ప ఎవరి మాటా లేదు, ఆపమనే హక్కు మాత్రం అందరిదీ. క్లిప్పులు రెండుసార్లు లాగి చూశాను. మేడమ్ మూలన నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు గుంజీలు చక్కగా అయ్యాయి. అయిదోదానికి కెప్టెన్ కాళ్ళు కొంచెం వణికాయి, అయినా లేచింది. ఇక చాలు, కడ్డీ స్టాండు మీద పెట్టించాలని నేను చెయ్యి లేపుతున్నాను. సరిగ్గా అప్పుడు మూలనుంచి మేడమ్ గట్టిగా, "ఇంకొకటి! దిగు!" అంది. కెప్టెన్ మోకాళ్ళు వంగబోయాయి.

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేదాన్ని కాదు. రెండు చేతులూ బార్లా చాచాను, పిల్లలు ఆగిపోయారు, కడ్డీ భద్రంగా స్టాండెక్కింది. అంతటితో ఊరుకోవచ్చుగా! మేడమ్ వైపు తిరిగి, "ఇక్కడ చెప్పేది ఒక్కరే మేడమ్. మీరు ఆపమంటే ఆపుతాం, ఎత్తమంటే ఎత్తం" అన్నాను. అమ్మమ్మకి ఏం చెప్పాలో అప్పుడే వాక్యాలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

మేడమ్ చాలాసేపు రాసి పుస్తకం మూసింది. "నేను కావాలనే అరిచాను. నీకంటే ముందు నలుగుర్ని ఇలాగే చూశాను, నలుగురూ నా మాటే విన్నారు. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది.

మా మామ నేర్పాడు అనాలి. అక్షరాలా నాలుగు మాటలైనా లేవు. కానీ నా నోటి నుంచి వచ్చింది, "రాస్ లఫాన్‌లో ఒక షార్ట్ కోర్సు మేడమ్."

"ఎన్ని రోజులు?"

"రెండు శుక్రవారాలు."

"మంచి కోర్సు. నీ రికార్డులో చేర్చాలి. ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో ఈ ఫారం నింపి తీసుకురా" అని ఒక కాగితం చేతిలో పెట్టింది. ఉద్యోగం దక్కింది, నా బడాయి మాత్రం నిలువునా ఇరుక్కుంది.

ఆ శుక్రవారం ఫారం మామ ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని, నాలుక పళ్ళ మధ్య బిగించి, పేరు నిదానంగా రాశాడు. హోదా అన్న చోట నేను తొందరపడి "సీనియర్ లిఫ్టింగ్ కన్సల్టెంట్" అని ముందే పెన్సిల్‌తో రాసి ఉంచాను. ఏం రాసినవని అడిగి, చదివించుకుని, రబ్బరు తెమ్మన్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు వేసిన లైసెన్సు కార్డు తీసి నా ముందు పెట్టాడు. "నా కార్డు మీద రిగ్గర్ అని ఉన్నది బిడ్డా. లేనిది రాస్తే గేటు కాడ్నే ఆపుతరు" అన్నాడు. కోపంగా అనలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. తల దించుకుని నేనే ఆ పెన్సిల్ గీతలు చెరిపాను. విద్యార్హత దగ్గర ఆయన "పదో తరగతి ఫెయిల్" అని చెప్పి రాయించాడు, ఫెయిల్ అన్న మాట మింగేద్దామనుకున్న నా వైపు చూసి మరీ.

మేడమ్ ఆ ఫారాన్ని పైనుంచి కింది దాకా చదివింది. "ఈయన నీకేమవుతారు?" అంది. ఈసారి చెప్పాను, మా అమ్మ అన్న అని, రిగ్గరని, ఫ్రిజ్జు కథతో సహా అంతా చెప్పాను. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ఆయన కార్డు గడువు ఎప్పటివరకు ఉంది?" వచ్చే ఏడాది దాకా అన్నాను. "అయితే సరే" అని ముద్ర కొట్టింది. అది నా ఎనిమిదో సర్టిఫికెట్, ఫొటోస్టాట్ కాగితం, ఏ అంచూ లేదు.

ఇప్పుడు ఆ ఆఫీసు నాది. మా వృత్తిలో సర్టిఫికెట్లకి కొన్నేళ్ళకోసారి గడువు తీరుతుంది, పరీక్షలు రాసి, క్లాసులకు వెళ్ళి మళ్ళీ తెచ్చుకోవాలి. అలా తెచ్చుకుంటూ తెచ్చుకుంటూ నా తలుపు మీద కూడా బోగీలు పెరిగాయి. డాన్సు ఫిట్‌నెస్‌ను ఎప్పుడో గౌరవంగా దింపేశాను. ఆ ఎనిమిదోదాన్ని మాత్రం గోడకి తగిలించుకున్నాను. మొన్న ఉద్యోగానికి పదకొండు సర్టిఫికెట్లతో వచ్చిన ఒక పిల్ల దాన్ని చూసి, "మేడమ్, ఈ కోర్సు ఎక్కడ చేయాలి?" అని పెన్ను తీసి రాసుకోవడానికి సిద్ధమైంది. ఆ పిల్ల ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు చూస్తే, అద్దం పగలక ముందు నేను అచ్చం ఇలాగే ఉండేదాన్ని కదా అని నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది. ఇన్‌స్ట్రక్టర్ రిటైరయ్యారమ్మా అని చెప్పాను.

మామ ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు. వడ్ల బస్తాలు ట్రాక్టరుకెత్తే చోట చెయ్యి పైకెత్తి నిలబడతాడట. ఆ పిల్ల వచ్చి వెళ్ళిన సాయంత్రం ఫోన్ చేస్తే, "ఎవ్వడు నా చెయ్యి దిక్కు సూడడే బిడ్డా, అందరు ఒర్రుడే" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను మామా, రోజూ అని చెబుదామనుకున్నాను. అది వదిలేసి, "నీ కార్డు ఎక్స్‌పైర్ అయింది గదా మామా, గందుకే" అన్నాను. అవతల ఆయన నవ్వు ఆగేదాకా ఫోన్ పట్టుకునే ఉన్నాను.