చెయ్యి అన్న మాట

నా అంత మొండిఘటం అనకాపల్లిలో ఇంకొకతె లేదని మా మాస్టారి నమ్మకం. పందొమ్మిది వందల నలభైల్లో మాట, అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆయన బెత్తం తీసి "చెయ్యి చాపు" అన్నారంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. పలక విసిరేసేదాన్ని. ఒకసారి ఆయన మణికట్టు కొరికేశాను. ఇంకొక్క ఫిర్యాదు వస్తే బడి మాన్పించేస్తానన్నాడు నాన్న. చదువంటే నాకు ప్రాణం. అయినా ఆ "చెయ్యి చాపు" అన్న మాట చెవిన పడితే నన్ను నేను పట్టుకోలేకపోయేదాన్ని.

అమ్మ పోయాక మమ్మల్ని చూసుకోవడానికి వచ్చిన మేనత్త, నా ఏడో ఏట, అడక్కుండా బెల్లం ముక్క తిన్నానని, "సెయ్యి సాపు" అని ప్రేమగా పిలిచి, అరచేతిలో కాల్చిన అట్లకాడ పెట్టింది. ఎవరికైనా చెబితే రెండో చేతికీ పెడతానంది. బెల్లం మండీలో కాటా వేసే నాన్నకు పొద్దస్తమానం పనే. నేను పిడికిలి విప్పలేదు, ఆయన చూడలేదు. చూడనందుకు ఆయన మీద కోపం నాకిప్పటికీ ఉంది, దాచడం దేనికి.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం, గాజులమ్మే సాయిబుల మామ్మ మా అరుగు మీద బుట్ట దించి, "సెయ్యి సాపు బుల్లమ్మా" అంది. బుట్ట తన్నేశాను. గాజులు భళ్లున పగిలాయి. నాన్న చెయ్యెత్తాడు.

"ఉండు బాబూ. ఇది పొగరు కాదు, బయ్యం," అంది మామ్మ. తన అరచెయ్యి నా ముందు పెట్టింది. "నానే సాపేను. నీకు ఇట్టమైతే పెట్టు, నేదంటే మానీ."

ఆ చేతి నిండా గాజుపెంకులు కోసిన గీతలు. చాలాసేపు చూసి, పిడికిలి విప్పి అందులో పెట్టాను. నాన్న వాత చూశాడు.

"ఎవలు సేసేరమ్మా ఇది?" అన్నాడు.

చెప్పేశాను. ఏడ్చినకొద్దీ హాయిగా అనిపించింది.

మర్నాడు మేనత్తను ఆవిడ ఊరు ఉప్మాక పంపించేసి, నాన్న నన్ను బడికి తీసుకెళ్లాడు. మాన్పించడానికేననుకుని దారంతా పలక గుండెకు హత్తుకుని నడిచాను. ఆయన మాస్టారికి జరిగిందంతా చెప్పాడు. మాస్టారు బెత్తం చూరులో దోపేసి, తప్పుపోయిన నా లెక్క చూపించి, "చెయ్యి," అన్నారు.

నా పిడికిలి బిగిసిపోయింది.

"లెక్కమ్మా. మళ్లీ చెయ్యి."

నాకు నవ్వొచ్చింది. పలక అందుకుని, మొదటి నుంచి మళ్లీ చేశాను.